ఇద్దరాడే ఆట

1985 అక్టోబరు 13, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. ఉదయం నుంచి కురిసిన వాన మూడున్నరకు తెరిపి ఇచ్చింది. గాలి ఈశాన్యం నుంచి వీస్తోంది, చూరు నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. అమలాపురంలో మేము అద్దెకుంటున్న ఇంటి వసారాలో సాలమోను కుర్చీ అంచున కూర్చుని, తలకు కప్పుకున్న ప్లాస్టిక్ కాగితాన్ని మడిచి పక్కన పెట్టి, చొక్కా లోపలి నుంచి ఒక క్యాసెట్టు తీసి నాకు ఇచ్చాడు.

గంటా వాతావరణమూ ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం ఉంది. ఆ తర్వాత జరిగినదానికి మొదలు వెతుకుతూ వెనక్కి వెళ్ళిన ప్రతిసారీ నేను ఈ వసారాలోనే ఆగుతాను. ఇంకా వెనక్కి వెళ్ళి మా తమ్ముడి మరణం దగ్గర ఆగవచ్చు, మార్తమ్మ ప్రయాణం దగ్గర ఆగవచ్చు. అప్పుడు తప్పు ఎవరిదీ కాకుండా పోతుంది. అది నిజం కాదు.

మార్తమ్మ నా తమ్ముడు దానం భార్య. దానం 1980లో కామెర్లతో పోయాడు. అప్పటికి వాళ్ళ కూతురు ఇందిరకు నాలుగేళ్ళు. మరుసటి ఏడు మార్తమ్మ పిల్లను మా అమ్మ పాపాయమ్మకూ నాకూ అప్పగించి, ఇంటిపనికి మస్కట్ వెళ్ళింది. నేను వాల్తేరులో తత్వశాస్త్రం ఎం.ఏ. చదివి వచ్చి, ఇక్కడి జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు లాజిక్ చెబుతున్నాను. పెళ్ళి చేసుకోలేదు. మా తాత పొలం పనికి వెళ్ళినవాడే అయినా మా నాన్న మిషను బడిలో చదివి మాస్టరయ్యాడు. మార్తమ్మది రాజోలు అవతలి పల్లె. వాళ్ళింట్లో ఆ మెట్టు ఇంకా ఎవరూ ఎక్కలేదు. ఆమె నాలుగో తరగతి దాకా చదివి ఊడ్పులకు వెళ్ళింది. దానం ఇష్టపడి చేసుకున్నాడు. నేను అడ్డు చెప్పలేదు. సంతోషించనూ లేదు.

మార్తమ్మకు ఉత్తరం రాయడం కష్టం కాబట్టి మా మధ్య క్యాసెట్లు నడిచేవి. ఆ రోజుల్లో గల్ఫు వెళ్ళినవాళ్ళ ఇళ్ళన్నిటా ఇదే పద్ధతి. వచ్చేవాళ్ళతో క్యాసెట్టు వస్తుంది, వెళ్ళేవాళ్ళతో తిరిగి వెళుతుంది. ఒక వైపు ఆమె మాటలు, రెండో వైపు మా మాటలు. అదే క్యాసెట్టు మళ్ళీ మళ్ళీ తిరిగేది గనుక ఎవరి కొత్త మాట వాళ్ళ పాత మాటను చెరిపేసేది. ఎవరూ దేన్నీ దాచుకోలేదు. సాలమోనుది అల్లవరం. మస్కట్‌లో మార్తమ్మ పనిచేసే వీధిలోనే కారు డ్రైవరు. మా ఇంట్లో ఉన్న టేపురికార్డరును రెండేళ్ళ కిందట తెచ్చింది కూడా అతనే.

"గురువారం ఎళ్ళిపోతానండి మేడంగారూ. ఈలోగా మీ వైపు నింపి ఉంచండి," అన్నాడు.

"వానలో తడవలేదు కదా?"

"నేను తడిసేను గానండి, అది తడవలేదు. మార్తమ్మగారు ఒట్టేయించుకున్నారు."

అతను కాఫీ తాగి వెళ్ళాక మేం ముగ్గురం టేపురికార్డరు చుట్టూ కూర్చున్నాం.

"వదినగారూ, అత్తయ్యగారూ, బాగున్నారా అండి. నేను మార్తమ్మనండి."

"నువ్వు కాక ఇంకెవరే," అంది మా అమ్మ టేపుతో. ఆమె టేపుకి ఎప్పుడూ జవాబు చెప్పేది.

"క్రిస్మస్‌కి వస్తన్నానండి. నలభై రోజులు సెలవిచ్చేరు. తిరుగు టిక్కెట్టు కూడా ఇచ్చేరు గానండి, ఇచ్చేరు కదా అని ఎక్కాలని లేదు. పాప నా దగ్గరికొచ్చిందంటే నేనింక ఎళ్ళనండి. రాజోల్లో ఓ గది తీసుకుని, పాపని అక్కడ బళ్ళో ఏసి, మిషను కుట్టుకుంటాను. పాప నన్ను ఎరగదని నాకు తెలుసండి. నాలుగేళ్ళు దాటిపోయింది. అందుకని ఏదో ఒకటి చేతిలో పట్టుకొచ్చి దాంతో మొదలెడదామని."

ఇందిర కదలకుండా వింటోంది. దానికి అప్పుడు తొమ్మిదేళ్ళు.

"పాపా, ఇక్కడ పిల్లలందరికీ ఇప్పుడు వీడియో గేముల పిచ్చి. టీవీకి పెట్టేయి కాదు, చేతిలో పట్టుకుని ఆడేయి. పండక్కి ఎవరింట్లో చూసినా అయ్యే ఇస్తన్నారు. షాపులో గోడ నిండా ఉన్నాయి. నేను రెండు చూసి పెట్టేను. ఒకటి చిన్నది, గుప్పిట్లో పడద్ది. ఓడ మునిగిపోతా ఉంటది, మనుషులు దూకేస్తా ఉంటారు, కింద పడవని అటూ ఇటూ జరిపి పట్టుకోవాలి. ముగ్గురు నీళ్ళల్లో పడితే ఆట అయిపోయినట్టు. అది ఒక్కళ్ళే ఆడాలి. రెండోది పొడుగ్గా ఉంటది, పలకంత. ఈ కొస ఒకళ్ళు, ఆ కొస ఒకళ్ళు పట్టుకోవాలి. మధ్యలో బంతి. మా మేడంగారమ్మాయి నీ ఈడుదే. పని అయ్యేక నన్ను కూర్చోబెట్టి ఆడిస్తది. నేనోడిపోతే ఒకటే నవ్వు. నాకిప్పుడు బాగానే వచ్చింది. నీకేది కావాలో నువ్వే చెప్పు పాపా. నీ నోటితో చెప్పు. అదే తెస్తాను. ఇదిగో, ఎలా మోగుద్దో విను."

టేపులో కీచుకీచుమని చప్పుళ్ళు వినిపించాయి. ఒకటి చిన్నపిల్ల నవ్వుతో కలిసి వినిపించింది.

"కీచురాయిని పట్టి డబ్బాలో పెట్టినట్టుంది," అంది మా అమ్మ. "దీనికి షాపులు కూడానా."

ఇందిర జవాబు చెప్పడానికి పది నిమిషాలు తీసుకుంది. గుడ్డముక్క తెచ్చి టేపురికార్డరు తుడిచింది. నన్ను మీటలు నొక్కమని, మామ్మను మాట్లాడొద్దని చెప్పి, మైకుకి మరీ దగ్గరగా నోరు పెట్టింది.

"అమ్మా, నాకు రెండోది కావాలి. పొడుగ్గా ఉండేది. ఆ కొస నువ్వు పట్టుకో, ఈ కొస నేను పట్టుకుంటాను. నువ్వు ఓడిపోతే నేను నవ్వను."

ఆ తర్వాత దాని మార్కులు, మామ్మ మోకాలి నొప్పి, నా మాటలు. టేపురికార్డరు మీద తిరిగే అంకెల్ని కాగితం మీద వేసుకోవడం నాకు అలవాటు. ఇందిర ఆట గురించి చెప్పిన మాటలు 118 నుంచి 131 దాకా ఉన్నాయి.

మంగళవారం మధ్యాహ్నం రెండుంపావుకి నేను కాలేజీ నుంచి వచ్చాను. ఎండ కాసింది, పెరట్లో బట్టలు ఆరుతున్నాయి. ఇందిర బళ్ళో ఉంది. అమ్మ నిద్రపోతోంది. నేను క్యాసెట్టు 118 దగ్గరికి తిప్పి, నా గొంతుతో ఇలా చెప్పాను: "మార్తమ్మా, ఆట సంగతి. ఇందిర ఆ చిన్నదే చాలంది. ఇద్దరాడేదైతే తనకు తోడెవరూ లేరంది." 131 దగ్గర ఆపాను. నా మాటలు ముందే అయిపోయి, నాలుగు అంకెల మేర ఖాళీగా మిగిలింది. అక్కడ మా పెరట్లోని కాకి అరుపు ఒకటి పడింది.

హేతువుకూ సాకుకూ ఉన్న తేడాను నేను ప్రతి ఏడూ జూలైలో తరగతికి చెప్పేదాన్ని. ఆ మధ్యాహ్నం నా దగ్గర ఉన్నవి సాకులు. పొడుగాటిది రైలు ప్రయాణంలో విరిగిపోతుంది. ఒక్కరే ఆడితే ఏకాగ్రత పెరుగుతుంది. రాజోలు బడిలో ఇంగ్లీషు సరిగా చెప్పరు. హేతువు ఒక్కటే. ఇందిర రాత్రిపూట నా చీర కొంగు వేలికి చుట్టుకుని నిద్రపోయేది. రాజోల్లో ఆ గది అద్దెకు దొరికితే ఆ కొంగు ఖాళీ అవుతుంది. మార్తమ్మ ఏ ఆటతో మొదలుపెట్టాలనుకుందో, ఆ ఆటకు రెండో కొస లేకుండా చేశాను.

గురువారం సాలమోను వచ్చి క్యాసెట్టు తీసుకెళ్ళాడు.

మార్తమ్మ డిసెంబరు 14, శనివారం, సాయంత్రం ఐదూ నలభైకి దిగింది. బొంబాయి నుంచి రాజమండ్రికి రైలు, అక్కడి నుంచి రావులపాలెం మీదుగా బస్సు. ఆకాశం నిర్మలంగా ఉంది. చేతుల చర్మం బట్టలుతికే పొడికి పగిలిపోయి ఉంది తప్ప, మనిషి వెళ్ళినప్పటికంటే నదురుగా ఉంది. గుమ్మంలో ఆగి, ఇందిర ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ముట్టుకోలేదు.

"నన్ను గుర్తుపట్టేవా పాపా?"

"గొంతు గుర్తుపట్టేను," అంది ఇందిర.

మార్తమ్మ నవ్వింది. "గొంతు చాలమ్మా. మిగతాది తర్వాత చూద్దాం."

ఇందిర చూపు పెట్టె మీదే ఉంది. కానీ అడగలేదు. అడగకపోవడానికి మా చర్చి ఆచారం కారణం. మా సంఘంలో క్రిస్మస్ సాయంత్రం సరుగుడు చెట్టు నిలబెట్టి, ఇళ్ళలో పిల్లలకిచ్చే కానుకల్ని కూడా దాని కిందే పెడతారు. పాస్టరుగారు ఒక్కొక్కటీ తీసి, ఎవరికి ఎవరిచ్చారో పైకి చదువుతారు. పిల్ల వెళ్ళి అందరి ముందూ అందుకుంటుంది. చెట్టు కానుక గురించి ముందుగా నోరు విప్పితే అది దక్కదు. అందుకున్నాక దానికి వంక పెడితే ఇచ్చినవాళ్ళ ఆయుష్షుకి మంచిది కాదు. ఈ రెండు మాటలూ బైబిలు వాక్యంలో ఎక్కడా లేవు. అయినా సండే స్కూల్లో పదేళ్ళుగా వాటిని పిల్లలకు నేర్పుతున్నది నేనే. పిల్లల్ని అదుపులో పెట్టడానికి అవి పనికొచ్చేవి.

మార్తమ్మకు ఆ చెట్టంటే ఇంకో ఆశ ఉంది. చిన్నప్పుడు వాళ్ళ పల్లెలో చెట్టు కింద మిషను వాళ్ళ పొట్లాలే ఉండేవట. ఇచ్చేవాళ్ళ పేరు లేని పొట్లాలు. "ఈసారి నా పేరు చదివించుకుంటానండి వదినగారూ. ఇందిరకి, అమ్మ మార్తమ్మ అని. అందరూ వినాలి," అంది. పొట్లం కట్టి తెచ్చి, పెట్టె అడుగున దాచింది. పెట్టెకు తాళం వేసి తాళంచెవి గొలుసుకు తగిలించుకుంది.

తర్వాతి పదకొండు రోజులు నేను మరిచిపోలేనివి. ఆ రోజుల్లో పిల్ల తల్లి దగ్గరకు వెళ్ళింది. మూడో రోజుకి వెనకాల తిరగడం మొదలుపెట్టింది. ఐదో రోజున తల్లి చేత జడ వేయించుకుంది. వెదురు బద్దలతో ఇద్దరూ నక్షత్రం కట్టారు. మార్తమ్మ రంగు కాగితం అంటిస్తుంటే ఇందిర దీపం పెట్టే చోటు చూపించింది. ఎనిమిదో రోజున మధ్యాహ్నం కజ్జికాయలు వత్తుతూ ఇందిర ఉన్నట్టుండి తల్లితో, "మస్కట్ అమ్మాయి నీకంటే బాగా ఆడతాదా?" అని అడిగింది.

"ఆడేది. ఇప్పుడు సమానం."

"నేను తొందరగా నేర్చుకుంటాను," అంది ఇందిర. అంతలోనే నోరు మూసుకుంది, చెట్టు కానుక గుర్తొచ్చి. మార్తమ్మ కూడా వేలు పెదవి మీద పెట్టుకుంది. ఇద్దరూ నవ్వారు. ఇందిర ఏ ఆట గురించి అందో మార్తమ్మకు తెలియదు. మార్తమ్మ ఏది తెచ్చిందో ఇందిరకు తెలియదు. రెండూ తెలిసినదాన్ని నేను, పొయ్యి దగ్గర నూనె కాగిందో లేదో చూస్తున్నాను.

ఆ రాత్రి నుంచి ఇందిర తల్లి చాప మీద పడుకుంది.

నేను చెప్పి ఉండవచ్చు. మార్తమ్మను పెరట్లోకి పిలిచి, ఇలా చేశానని ఒక్క వాక్యం. ఆమె పిల్లతో "ఆ ఆట తేలేకపోయేను, కారణం ఇది" అనేది. పిల్ల రెండు రోజులు నా మీద అలిగేది. అంతకంటే ఏమీ జరిగేది కాదు. ఆ పదకొండు రోజుల్లో ప్రతి రోజూ ఆ వాక్యం నా దగ్గర ఉంది. తల్లి చాప మీద పడుకున్న పిల్లను చూసినప్పుడు దాన్ని ఇంకా లోపలికి తోసుకున్నాను.

డిసెంబరు 25, బుధవారం. సాయంత్రం ఐదున్నర. పొడిగా ఉంది, ఉత్తరపు గాలికి చలిగా ఉంది. అల్లవరం తీరం నుంచి తెచ్చిన సరుగుడు చెట్టును ఇసుక నింపిన కిరసనాయిలు డబ్బాలో నిలబెట్టారు. మార్తమ్మ ఆకుపచ్చ నైలెక్స్ చీర కట్టుకుని ఆడవాళ్ళ వైపు రెండో వరుసలో కూర్చుంది. పాస్టరుగారు పొట్లం తీసి, చీటీ దీపానికి దగ్గరగా పెట్టుకుని చదివారు.

"ఇందిరకి, మస్కట్ నుంచి వచ్చిన అమ్మ మార్తమ్మ."

చప్పట్లు కొట్టారు. మార్తమ్మ తల వంచుకుంది. ఇందిర పరుగున బయల్దేరింది. సగం దూరం వెళ్ళి నడకలో పడింది. నేను ఎక్కడ కూర్చున్నానో అక్కడి నుంచే చూశాను. పాస్టరుగారి చేతిలో పొట్లం చిన్నది. పలకంత లేదు.

అందుకుని, ఆచారం ప్రకారం అక్కడే విప్పింది. పిల్లలు ముసిరారు. మా సంఘంలో వీడియో గేము చేత్తో పట్టుకున్న మొదటి పిల్ల అది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆశ్చర్యపోతుంటే అది డబ్బా మీది బొమ్మను చూస్తూ నిలబడింది. మునిగిపోతున్న ఓడ, కింద పడవ. తర్వాత తల్లి దగ్గరికి నడిచి వచ్చింది.

"థ్యాంక్సండి," అంది.

తల్లితో అండీ అనడం మా ఇళ్ళలో లేదు. మార్తమ్మ దాన్ని పదిమందిలో చూపే మర్యాద అనుకుంది. "మంచిదేనా పాపా?"

"మంచిదేనండి."

ఆ రాత్రి ఇందిర నా మంచం మీదికి వచ్చి పడుకుంది.

ఆ తర్వాత ఇరవై ఎనిమిది రోజులు. ఇందిర బడి నుంచి వచ్చి వసారా మెట్టు మీద కూర్చుని ఆడేది. ఆ ఆటకు సొంత వెలుగు లేదు. బయటి వెలుతురు పడితేనే నల్లటి బొమ్మలు కనిపిస్తాయి. మార్తమ్మ వచ్చి వెనక నిలబడి వంగి చూసేది.

"అదిగో, ఆ మనిషి దూకేస్తన్నాడు పాపా, ఇటు జరుపు."

"నీడ పడుతోందండి. కొంచెం పక్కకి జరుగుతారా."

మార్తమ్మ జరిగేది. జరిగితే ఆమెకు ఏమీ కనిపించేది కాదు. కీచు చప్పుడు వింటూ కూర్చునేది.

"తల్లి నీడే బరువైందా నీకు," అంది మా అమ్మ ఒకరోజు లోపలి నుంచి. "ఆ కీచురాయినైనా ఆపవే, చెవులు పోతున్నాయి."

"ఆడుకోనివ్వండి అత్తయ్యగారూ. తనకి ఇష్టమని కదా తెచ్చేను," అంది మార్తమ్మ.

ఇందిర ఆట ఆపలేదు. కానీ ఆ మాట విన్నదని నాకు తెలుసు, ఎందుకంటే ఆ క్షణంలో వరసగా ముగ్గురు మనుషులు నీళ్ళలో పడ్డారు.

జనవరి మొదటి వారంలో, నేను కాలేజీ పేపర్లు దిద్దుతుంటే ఇందిర వచ్చి బల్ల పక్కన నిలబడింది.

"అత్తా, అమ్మకి మన క్యాసెట్టు అందలేదా?"

"అందింది."

"వినలేదా?"

"వినే ఉంటుంది."

"మరి నేను రెండోది కదా అడిగేను."

ఎర్ర సిరా పెన్ను నా చేతిలో ఉంది. "షాపులో అయిపోయి ఉంటాయి," అన్నాను.

"అయితే అయిపోయేయని చెప్పొచ్చు కదా. నాకిష్టమని తెచ్చేనంటుంది. నేను చెప్పింది వినలేదన్నమాట. వింటే అలా ఎలా అంటుంది? నేను అడగనా?"

ఇందిర వాదంలో తప్పు లేదు. ఆధార వాక్యాలు సరైనవైతే ఆ నిర్ణయం తప్పదు. మా తరగతిలో ఏ పిల్లయినా అంత శుభ్రంగా వాదిస్తే మార్కులు వేసేదాన్ని.

"చెట్టు కానుకకి వంక పెట్టకూడదు. అడిగితే వంక పెట్టినట్టే," అన్నాను.

అది తల ఊపి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. మొదటి అబద్ధం నేను ఒంటరిగా ఉన్నప్పుడు టేపుకి చెప్పాను. ఇది పిల్ల కళ్ళలోకి చూసి చెప్పాను. రెండిట్లో ఏది పెద్దదని నన్ను ఎవరైనా అడిగితే, రెండోదంటాను.

జనవరి పదిహేడున మార్తమ్మ ఇందిరను రాజోలు రమ్మంది. ఐదు రోజులు, తన అన్న ఇంటికి. ఆ ఇంటికి పక్కనే గది ఖాళీగా ఉందని ఆమె నాకు ముందే చెప్పింది.

"బడుందండి," అంది ఇందిర.

"శనాదివారాలైనా."

"చదువుకోవాలండి."

మార్తమ్మ నా వైపు చూసింది. ఒక్క మాట సాయం చేస్తానేమోనని. "దాని ఇష్టం," అన్నాను నేను.

మార్తమ్మ కూడా రాజోలు వెళ్ళలేదు. ఆ మధ్యాహ్నం పెట్టె విప్పి, బట్టల మధ్య నుంచి టిక్కెట్టు తీసి, తేదీ చూసి, మళ్ళీ లోపల పెట్టింది. సాయంత్రం మా అమ్మతో, "నేను ఎళ్ళిపోతానండి అత్తయ్యగారూ. ఇక్కడ పాపకి లోటేమీ లేదు," అంది. మా అమ్మ "లోటు లేకపోవడం వేరు, నువ్వుండటం వేరు," అంది. మా ఇంట్లో ఆ నలభై రోజుల్లో వచ్చిన సరైన మాట అదొక్కటే. అన్నది చదువు రాని మనిషి.

జనవరి 22, బుధవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. మంచు దట్టంగా ఉంది. బస్టాండులో దీపాలు ఇంకా ఆర్పలేదు. ఇందిర ఇంటి దగ్గరే వీడ్కోలు చెప్పింది. తల్లి ముద్దు పెట్టుకుంటే మొహం పక్కకు తిప్పలేదు, అంతే. రాజమండ్రి బస్సు ఇంజను వేసి ఉంది. పెట్టె పైకెక్కించాక మార్తమ్మ మెట్టు దగ్గర ఆగింది.

"వదినగారండీ, ఒక మాటండి. ఎవరితోనూ అనకండి."

"చెప్పు."

"నేను ముందు ఆ పొడుగుదే కొన్నానండి. మీ క్యాసెట్టు రాకముందే. పాప అదే అడుగుద్దని నాకు ఎందుకో అనిపించింది. సాలమోను క్యాసెట్టు తెచ్చి ఇచ్చేక ఇన్నాను. తోడెవరూ లేరందన్నారు కదండి. నేనుంటాను కదా అనుకున్నాను. రెండు రోజులు అలాగే ఉంచేసేను. తర్వాత ఆలోచించేనండి. నేనుండేదెన్నాళ్ళు, పిల్లకి తెలిసింది నాకు తెలియలేదు అని. షాపుకి పట్టుకెళ్తే వాడు మార్చనన్నాడు. మేడంగారమ్మాయి వచ్చి అడిగితే మార్చేడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నాకనిపించిందే తెచ్చుంటే ఎలా ఉండేదోనండి. తల్లికి తెలుస్తాదంటారు. నాకు తప్పు తెలిసింది."

"రాజమండ్రి, రాజమండ్రి, ఎక్కాలండి," అన్నాడు కండక్టరు. "అమ్మా, మెట్టు మీద కబుర్లేంటండి, లోపల సీటుంది కదా."

నాకు తెలిసిన సత్యాలన్నిటిలో అప్పుడు పనికొచ్చేది ఒకటే ఉంది: నీకు తప్పు తెలియలేదు మార్తమ్మా. ఐదు మాటలు కూడా లేవు. వాటిని విన్నాక ఆమె పెట్టె దించమని కండక్టరును అడిగేది.

"నీళ్ళ సీసా పెట్టుకున్నావా?" అన్నాను.

"ఆయ్, పెట్టుకున్నానండి."

ఆమె ఎక్కింది. మంచులో బస్సు వెనక దీపం కొత్తపేట రోడ్డు మలుపు దాకా కనిపించింది.

ఏప్రిల్లో ఆ ఆట బ్యాటరీలు అయిపోయాయి. గుండీల్లాంటి చిన్న బ్యాటరీలవి. అమలాపురంలో వాచీల షాపులన్నీ తిరిగాను, రాజమండ్రి కబురు పెట్టాను, దొరకలేదు. మస్కట్ నుంచి తెప్పించమంటావా అని ఇందిరను అడిగాను. అక్కర్లేదంది. గుడ్డతో తుడిచి, డబ్బాలో పెట్టి, పాత పుస్తకాల పెట్టెలో వేసింది. ఆ తర్వాత వచ్చిన క్యాసెట్లలో మార్తమ్మ నాతోనూ అమ్మతోనూ మాట్లాడేది. చివర్లో "పాపని అడిగేనని చెప్పండి" అనేది. ఆట మాట ఎత్తేది కాదు. మా వైపు ఇందిర మార్కులు చదివేది, దగ్గర దగ్గర రిపోర్టు చదివినట్టు. కొంగు విషయానికొస్తే, అది మళ్ళీ నా కొంగు పట్టుకుని నిద్రపోలేదు. పదేళ్ళు వచ్చాయి కదా అనుకున్నాను.

ఇందిర పెళ్ళి 1999 మే 12న మా చర్చిలోనే జరిగింది. మార్తమ్మ రెండేళ్ళ ముందే మస్కట్ నుంచి వచ్చేసి రాజోల్లో అన్న ఇంటి పక్కన ఉంటోంది. ఆమె పెళ్ళివాళ్ళతో కాక పిలిచిన చుట్టాలతో వచ్చింది, నాలుగో బెంచీలో కూర్చుంది, భోజనం చేసి ఐదు గంటల బస్సుకి రాజోలు వెళ్ళిపోయింది.